మగ్గం గుంటలో నల్లసూదులు

ముందే చెప్పేస్తాను, తరవాత నన్ను అనొద్దు. నా తమ్ముడు తణికైవేల్ అబద్ధాలకోరు కాడు. వాడి చదువుకు సంబంధించిన పెద్దమనుషులు నాలుగు దేశాల్లో కూర్చుని వాడికి ఆ పేరు పెట్టారు. పెట్టేసి, చేతులు దులుపుకుని, ఎవరి పని వాళ్ళు చూసుకుంటున్నారు. నేను మాత్రం వదిలిపెట్టే రకం కాదు. మా ఇంట్లో అందరూ నాకు నోరెక్కువంటారు. ఎక్కువే. ఏం చేస్తారు?

తణికైవేల్ మా చిన్నాన్న చిన్నస్వామి కొడుకు. మాది తిరుత్తణిలో నేతవాళ్ళ వీధి. ఒకప్పుడు పొద్దున తలుపు తీస్తే ఈ చివర నుంచి ఆ చివరదాకా మగ్గాల చప్పుడే. ఇప్పుడు టూవీలర్ల హారన్లు. ఇంట్లో తెలుగు, వీధిలో సగం తెలుగు సగం తమిళం, బళ్ళో పూర్తిగా తమిళం. మా పిల్లలందరూ అలాగే పెరిగారు. నేనొక్కదాన్నే పట్టుబట్టి తెలుగు చదువుకుని, ఇక్కడే ఒక బళ్ళో తెలుగు టీచరునయ్యాను. పిల్లలు రాక ఆ సెక్షన్ మూసేసేదాకా అక్కడే ఉన్నాను. తణికైవేల్‌కు నాలుగు తెలుగు అక్షరాలు నేర్పాలని చిన్నప్పుడు నేను పడని తంటా లేదు. పలక చేతికిస్తే అక్కడ పడేసి వాళ్ళ నాన్న మగ్గం గుంటలోకి దూరేవాడు. ఈ రోజుకీ వాడికి తెలుగులో తన పేరు చదవడం రాదు. అది వేరే బాధ.

మగ్గం గుంట అంటే తెలియనివాళ్ళు ఉంటారు. గుంట మగ్గం నేసేవాడు నేలలో తవ్విన గుంటలోకి కాళ్ళు దించి, దాని గట్టు మీద కూర్చుని నేస్తాడు. కింద తొక్కుడు చెక్కలుంటాయి. గుంట నడుములోతు ఉంటుంది. మే నెల ఎండల్లో కూడా చల్లగా, చీకటిగా ఉంటుంది. చిన్నాన్న పోయాక ఆ మగ్గం మీద నేసేవాళ్ళు లేరు, కానీ కన్నియమ్మ చిన్నమ్మ దాన్ని విప్పనివ్వలేదు. ముందుగదిలో సగం అదే. వచ్చినవాళ్ళు గోడవారగా ఒదిగి కూర్చోవాలి.

తణికైవేల్ రసాయనశాస్త్రం చదివాడు. ఊరికే చదవడం కాదు, మద్రాసులో పీహెచ్‌డీ చేశాడు, జపాన్‌లో రెండేళ్ళు పనిచేశాడు, అక్కడే ఉండమన్నా ఉండకుండా వచ్చి తిరువళ్ళూరులో ఒక కాలేజీలో చేరాడు. ఏం చేస్తావురా అంటే ఓపిగ్గా చెప్పేవాడు. తీగలో కరెంటు పోయేటప్పుడు కొంత వేడిగా మారి వృథా అవుతుంది. ఇస్త్రీపెట్టె కాలేది అందుకే. కొన్ని లోహాలను విపరీతంగా చల్లబరిస్తే ఆ అడ్డు పూర్తిగా మాయమైపోతుంది. లోహాల్లో అది వందేళ్ళుగా తెలిసిన సంగతే. కలరా ఉండలు, బట్టల రంగులు ఎలా కర్బనంతో కట్టినవో, అలా కర్బనంతో కట్టిన పదార్థాల్లో కూడా ఎక్కడో కొన్నింటిలో అది కనిపిస్తుంది. అలాంటిదొకటి కొత్తది, ఇంతవరకూ ఎవరూ చేయనిది, తన చేత్తో చేయాలని వాడి ఆశ. కర్బన అతివాహకం అనాలిరా తెలుగులో అని నేను మాట వెతికి చెప్పాను. వాడికి నోరు తిరగలేదు.

వాడికి అదొక్కటే లోకం. పెళ్ళి మాటెత్తితే, స్ఫటికాలు రానీ అక్కా అనేవాడు. ఆ పదార్థం తయారు చేయడానికి వాడే మందులు గంధకం కంపు. చొక్కా ఉతికినా పోయేది కాదు. సాయంత్రం తిరువళ్ళూరులో బస్సెక్కితే దారిలో కనకమ్మ సత్రం అనే ఊరు దాటేదాకా వాడి పక్క సీట్లో ఎవరూ కూర్చునేవాళ్ళు కారు. వాడు మాత్రం ఆ ఖాళీ సీటు మీద పుస్తకాలు పరుచుకుని హాయిగా చదువుకుంటూ వచ్చేవాడు. పిచ్చి మొహం.

ఆ పదార్థం తయారైంది. ఇక దాన్ని స్ఫటికంగా పెంచాలి. రెండు గాజు గొట్టాలు పక్కపక్కన నిలబెట్టి నడుమ అడ్డంగా ఇంకో గొట్టం అతికించిన సీసా ఒకటి ఉంటుంది. అందులో ఆ మందు కరగబోసి, రెండువైపులా ప్లాటినం తీగలు దించి, కరెంటు పెడతారు. ఎంత కరెంటు? టార్చిలైటు వెలిగేదానిలో లక్షో వంతు కూడా కాదు. అలా వారాల తరబడి కదపకుండా, వెలుతురు తగలకుండా ఉంచితే తీగ చివర నల్లటి సూదులు పుడతాయి. వెంట్రుకలో తెగిన ముక్కలా ఉంటాయి, అంతే. కింద నేల అదిరినా చెడిపోతాయి. వాడి కాలేజీ చూస్తే రైలు పట్టాల పక్కన. ఎక్స్‌ప్రెస్ పోయిందంటే బీకర్లన్నీ గలగలమంటాయి. పెంచిన ప్రతిసారీ తీగ అడుగున నల్లపొడి రాలి ఉండేది.

అప్పుడు వాడికి ఆలోచన వచ్చింది. చల్లగా, చీకటిగా, అదురు లేకుండా ఉండే చోటు వాడికి పుట్టినప్పటినుంచీ తెలుసు. సీసాను మెత్తటి పెట్టెలో పెట్టి, ఆ పెట్టెను మగ్గం గుంటలో ఇసక మీద ఆనించాడు. మా వీధిలో కరెంటు ఉంటుందో పోతుందో నమ్మకం లేదు కాబట్టి బ్యాటరీలతో నడిచే చిన్న డబ్బా ఒకటి సొంతంగా సోల్డరింగ్ చేసి తయారు చేసుకున్నాడు. దానికొక స్విచ్చి, ఒక ఎర్ర దీపం. చిన్నాన్న కాళ్ళు ఆడిన చోట వీడి సీసా కూర్చుంది. చిన్నమ్మ మురిసిపోయింది, మళ్ళీ గుంటలో పని జరుగుతోందని.

మురిపెం ఎన్నాళ్ళో లేదు. ఒకసారి ఆమె ఊడుస్తూ పెట్టెను కాస్త పక్కకు జరిపింది. వాడు చూశాడు. జీవితంలో గొంతు పెంచనివాడు ఆ రోజు వీధి వినపడేలా అరిచాడు. తరవాత తానే సిగ్గుపడి రెండు రోజులు అన్నం తినలేదు. వాడు అరిచిందానికంటే తినకపోవడమే చిన్నమ్మను ఎక్కువ భయపెట్టింది. అప్పటినుంచి ఆ గుంట దగ్గర చీపురు కూడా పెట్టేది కాదు.

ఇక ఆయుధ పూజ సంగతి చెప్పాలి. మిగతా ఊళ్ళలో అదొక సెలవు, బండికి దండ, అంతే. మా నేతవాళ్ళకు అలా కాదు. మగ్గం తుడిచి పసుపు కుంకుమ పెట్టి, పోగును అటూ ఇటూ నడిపే నాడె, కత్తెర, దారపు కండెలు అన్నీ దేవుడి ముందు ఉంచి, బొరుగులు పప్పులు పంచిపెడతాం. అలా పెట్టిన పనిముట్టు మరునాడు విజయదశమి హారతి అయ్యేదాకా ఎవరూ తాకకూడదు. ఏడాదంతా మనకు కష్టపడినదానికి ఒక్క పొద్దు సెలవు. ఆ పొద్దు కూడా పని చేయిస్తే ఆ పనిముట్టు ఉసురు తగులుతుందని మా పెద్దవాళ్ళ నమ్మకం. మగ్గం ఆడని ఏళ్ళలో కూడా చిన్నమ్మ ఈ పూజ తప్పించలేదు.

కరోనాకు రెండేళ్ళ ముందు మాట. దసరా సెలవుల్లో వాడు ఏదో సభ ఉందని హైదరాబాదు వెళ్ళాడు. గుంటలో సీసా ఉంది. తిరిగొచ్చి చూసుకున్నాడు, ఎర్ర దీపం వెలుగుతోంది, అంతా సరిగ్గా ఉంది. దీపావళి దాటాక పెట్టె తెరిస్తే తీగ చివర నల్లసూదులు గుత్తిగా పూసి ఉన్నాయి. గుంటలో అంతకు ముందు వచ్చినవాటికంటే పొడుగు, అంచులు నున్నగా మెరుస్తున్నాయి. వాటిని చల్లబరిచి కొలవాలంటే ద్రవ హీలియం కావాలి, అది పెద్ద సంస్థల్లోనే ఉంటుంది. అలాంటి ఒక సంస్థలో శ్యామ్‌సుందర్ అనే భౌతికశాస్త్ర ప్రొఫెసర్ ఉన్నాడు. వాడి సూదికి వెంట్రుకకంటే సన్నని బంగారు తీగలు అంటించి హీలియంలో దించి కొలిచింది ఆయనే.

ఆ సాయంత్రం తణికైవేల్ నేరుగా మా ఇంటికి వచ్చాడు. చెప్పులు కూడా విప్పలేదు.

"అక్కా, సున్నాకు దిగింది" అన్నాడు.

ఏం దిగిందో నాకు సగమే అర్థమైంది. వాడి మొహం చూసి ఏడుపొచ్చింది. చిన్నమ్మ మా ఊరి కొండకు వెళ్ళి మురుగన్ స్వామికి పాలకావడి మొక్కు తీర్చుకొచ్చింది.

వ్యాసం అచ్చయింది. మొదటి పేరు శ్యామ్‌సుందర్‌ది, మా వాడిది రెండోది. అదేమిట్రా, చేసింది నువ్వు గదా అంటే, హీలియం ఆయనది గదక్కా అన్నాడు. సన్మానాలు జరిగాయి, కాలేజీ గేటు మీద వాడి ఫొటోతో బ్యానర్ కట్టారు. ప్రాజెక్టు వచ్చింది. ఆ ప్రాజెక్టులో రైలు పోయినా అదరని బల్ల కొన్నారు, కరెంటు రెప్పపాటు కూడా ఆగకుండా చూసే యంత్రం కొన్నారు. ఇక ఇంట్లో గుంటతో పనేముంది? సీసా కాలేజీకి వెళ్ళిపోయింది.

అక్కడినుంచి మొదలైంది దరిద్రం. ఆ సూదులు మళ్ళీ రాలేదు.

స్ఫటికాలు రాకపోవడం కాదు. వచ్చేవి, నల్లగానే ఉండేవి. చల్లబరిస్తే మామూలు బొగ్గుముక్కలా కరెంటును అడ్డుకునేవి. ముందువాటిలో కొలిచిన సూది హీలియంలోంచి తీస్తుండగానే పగిలిపోయింది, మిగతావి ఇతర పరీక్షల్లో ఖర్చయిపోయాయి. చూపించడానికి ఒక్కటి మిగల్లేదు. వాడు ఇంకా జాగ్రత్త పడ్డాడు. ఆయుధ పూజకు కాలేజీలో అటెండర్లు అన్ని ల్యాబుల్లో యంత్రాలకు బొట్లు పెట్టి స్విచ్చులు ఆపేస్తారు. వీడు తన ల్యాబు తలుపుకు అడ్డంగా నిలబడి లోపలికి రానివ్వలేదు. దేవుడంటే లెక్కలేదు, జపాన్ పోయొచ్చాక కొమ్ములొచ్చాయి అని కాలేజీ అంతా చెప్పుకున్నారు. ఆ మాటలన్నీ తరవాత పనికొచ్చాయి వాళ్ళకు.

ఈలోపు వేరే దేశంలో ఎవరో వీడి వ్యాసం చదివి, అందులో రాసినట్టే ఆ పదార్థం చేసి, రాసినట్టే కరెంటు ఎక్కడా ఆపకుండా స్ఫటికాలు పెంచి కొలిచారు. ఏమీ లేదు. ఉత్తరాలు మొదలయ్యాయి. సీసం లోహం కూడా ఇంచుమించు అంత చలిలోనే అడ్డు లేకుండా అవుతుందట. సోల్డరింగ్ చేసే తీగలోనూ సీసం ఉంటుంది. మీ సూదికి సీసం నలుసు అంటుకుని ఉంటుంది, మీరు కొలిచింది దాన్నే అన్నారు. అక్కడితో ఆగితే పొరపాటు అనుకోవచ్చు. ఇంకో మాట కూడా అన్నారు. అంటుకుందో, అంటించారో అని.

ఆ మాట వినగానే శ్యామ్‌సుందర్ గారు ఏం చేశాడో తెలుసా? స్ఫటికం నాకు ఇచ్చింది అతను, ఇచ్చినదాన్ని నేను కొలిచాను, అంతకు మించి నాకు తెలియదు అని రాసిచ్చాడు. సన్మానానికి మొదటి పేరు, నింద పడేటప్పటికి రెండో పేరు. ఏం పెద్దమనిషండీ! నాకు ఒళ్ళు మండిపోయింది. మా వాడు మాత్రం, ఆయన చెప్పింది నిజమే గదక్కా అన్నాడు.

అప్పుడు వాడికి మళ్ళీ మగ్గం గుంట గుర్తొచ్చింది. పుట్టిన చోటే పుడతాయేమో అనుకుని, మిగిలిన మందులో సగం పోసి సీసాను తెచ్చి గుంటలో పెట్టాడు. ఈసారి డబ్బా స్విచ్చి మీద టేపు అంటించాడు. దసరా వచ్చింది. నేను పూజ బొరుగులు తీసుకుని వాళ్ళింటికి వెళితే, చిన్నమ్మ మగ్గానికి పెట్టాల్సిన పసుపు కుంకుమ గది గడపకు పెట్టి, అక్కడే కర్పూరం వెలిగించి, వెనక్కి వచ్చేసింది. ఇదేంటి చిన్నమ్మా అన్నాను. లోపల వాడి పని జరుగుతోంది, నా కాలి అదురు కూడా తగలకూడదు అంది. పెళ్ళై వచ్చినప్పటినుంచి ఏ ఏడూ తప్పించని మనిషి. ఆ మాట చెబుతున్నప్పుడు ఆమె కళ్ళు నావైపు చూడలేదు. పూజ తప్పినందుకు బాధనుకున్నాను.

ఆ సూదులూ మామూలువే అయ్యాయి. మిగిలిన సగం మందు కాలేజీలో ఆఖరి ప్రయత్నానికి అయిపోయింది.

కమిటీ వేశారు. వాళ్ళు అడిగింది వాడు నాకు తరవాత చెప్పాడు. సోల్డరింగ్ మీరే చేశారా? నేనే. ఎక్కడ చేశారు? ఇంట్లో. స్ఫటికాలు ఎక్కడ పెంచారు? ఇంట్లో. ఇంట్లో ఎక్కడ? మగ్గం గుంటలో. ఆ మాటకు అందరూ నవ్వారట. కరెంటు ఎక్కడా ఆగలేదని మీరు ఎలా చెప్పగలరు అని మాత్రం ఒక్కడూ అడగలేదు. అడిగినా వీడు ఆగలేదనే చెప్పేవాడు. వాడికి తెలిసింది అంతే.

వ్యాసాన్ని వెనక్కి తీసుకుంటున్నట్టు వాడి చేత సంతకం చేయించారు. ఎందుకు చేశావురా అని నేను ఎగిరెగిరి పడ్డాను. వాడు గోడకు ఆనుకుని కూర్చుని ఒక్కటే అన్నాడు.

"మళ్ళా చేసి చూపించలేనప్పుడు, అది నిజమని చెప్పే హక్కు నాకు లేదక్కా."

కాలేజీవాళ్ళు పొమ్మనలేదు. పొగపెట్టారు. ల్యాబు తాళం తీసుకున్నారు, పాఠాలు తగ్గించారు, పరీక్షల కాపలాకు వేశారు. కొన్నాళ్ళు చూసి వాడే మానేశాడు. ఇప్పుడు పూండి చెరువు దగ్గర ఒక కాంట్రాక్టరు కింద నీళ్ళు పరీక్ష చేస్తున్నాడు. మద్రాసు జనం తాగే నీళ్ళలో బురద ఎంత, ఉప్పు ఎంత అని. పొద్దున బస్సులో పోతాడు, సాయంత్రం వస్తాడు. చొక్కాకు ఇప్పుడు ఏ కంపూ లేదు. పక్క సీట్లో అందరూ కూర్చుంటున్నారు. పాత స్నేహితులు మాత్రం కూర్చోరు. వాడి పేరు ఇంటర్నెట్‌లో కొడితే మొదట వచ్చేది ఆ వెనక్కి తీసుకున్న వ్యాసమే. ఎరుపు అక్షరాల్లో ఆ మాటే పైన అడ్డంగా కొట్టి ఉంటుంది.

పోయిన ఏడు వర్షాకాలంలో చిన్నమ్మ గుంట అంచున కాలు జారి పడింది. తుంటి చిట్లింది. కోలుకుంది గానీ, కర్ర లేకుండా నడవలేదు. ఇంకోసారి పడితే లేవదని డాక్టరు గట్టిగా చెప్పాడు. తణికైవేల్ మగ్గం విప్పేసి, గుంట పూడ్చి, పైన సిమెంటు వేయాలనుకున్నాడు. చిన్నమ్మ కాదనలేదు. ఒక్క ఆయుధ పూజ కానీ, తరవాత పూడ్చుకో అంది. సరేనన్నాడు. నన్ను కూడా పిలిచింది.

పోయిన దసరా అది. మేము ముగ్గురమే. వాడు మగ్గం తుడిచాడు, నేను బొట్లు పెట్టాను, చిన్నమ్మ కుర్చీలో కూర్చుని మంత్రం తెలియని మనిషి చేసే పూజ చేసింది. హారతి అయ్యాక బొరుగులు చేతిలో పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. తినలేదు.

"నాయనా, ఒకటి చెప్తే కోపపడవు గదా?" అంది.

చెప్పమ్మా అన్నాడు.

"నువ్వు హైదరాబాదు పోయిన ఏడు, ఈడ నీ సీసా ఉన్నింది గదా. పండగపొద్దు దాన్ని ఆపేసినాను నాయనా. మగ్గం గుంటలో కూర్చున్నాక అది గూడా ఆయుధమే గదా అనుకొన్నా. మనకోసరం రేయింబగలూ పని చేస్తా ఉండాది, పావం, దానికీ ఒక పొద్దు సెలవు ఇయ్యాల గదా. మర్నాడు హారతి అయినాక మళ్ళా వేసేసినా. దీపం ఎర్రగా వచ్చింది."

తణికైవేల్ చేతిలో బొరుగుల పళ్ళెం ఉంది. దాన్ని మెల్లగా కింద పెట్టాడు.

"ఎప్పుడు ఆపినావు?"

"మధ్యాన్నం, తలకు పోసుకొని వచ్చి."

"మళ్ళా వేసింది?"

"మర్నాడు దీపాలు పెట్టే యాళకు."

"సీసాను కదిలించినావా?"

"లేదు నాయనా, మురుగన్ సాక్షి. డబ్బాకు బొట్టు పెట్టి, నువ్వు చూస్తావని మళ్ళా తుడిచేసినా. చెప్దామనుకొన్నా. నువ్వు ఆ పొద్దు అరిచింది గుర్తొచ్చి నోరు రాలే. అప్పుడు బాగా వచ్చిందన్నారు గదా, స్వామి మన్నించినాడులే అనుకొన్నా. తరవాత అంతా చెడిపోయె. నేను తాకినందుకే గదా నీకు ఇట్లయింది?"

నాకు రసాయనశాస్త్రం రాదు. కానీ వాడి మొహంలోకి రక్తం వచ్చి, పోయి, మళ్ళీ రావడం చూశాను. ఇన్నేళ్ళుగా వెతుకుతున్నది ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉంటే మనిషి ఎలా ఉంటాడో అలా ఉన్నాడు. నోరు తెరిచాడు, ఏదో అడగబోయాడు, ఆమె చేతులు చూశాడు. ఆమె చేతుల్లోంచి బొరుగులు రాలిపోతున్నాయి.

"లేదమ్మా" అన్నాడు. "దానికీ దీనికీ సమ్మంధమే లేదు. నువ్వు ఆపినా ఆపకపోయినా ఒకటే."

"నిజమా నాయనా?"

"నిజమే. తిను."

ఆమె తినింది.

ఆ సాయంత్రం నన్ను మా ఇంటిదాకా దిగబెట్టడానికి వచ్చాడు. దారిలో ఆపి నిలదీశాను. నాతో అబద్ధమాడలేడు, చిన్నప్పటినుంచీ. మెల్లగా చెప్పాడు. కరెంటు ఆగితే, అప్పటిదాకా పుట్టిన సూదుల్లో కొన్ని మళ్ళీ మందులో కరిగిపోతాయి. కరగకుండా మిగిలిన మొలకల మీద, మళ్ళీ కరెంటు పెట్టాక, ఇంకో రకం అల్లిక పెరుగుతుంది. అదే నూలు, అదే మగ్గం, నేత వేరు. ఆ వేరే నేతలోనే కరెంటుకు అడ్డు లేకుండా పోయి ఉంటుంది. చేసి చూడనిదే ప్రమాణం చేయలేను అక్కా, కానీ అదే, నాకు తెలుసు అన్నాడు. ఆ తరవాత వాడు ఎన్నిసార్లు చేసినా రాకపోవడానికి కారణం ఒక్కటే. ఎవరినీ ఆపనివ్వలేదు. ఇంట్లో టేపు అంటించాడు, కాలేజీలో తలుపుకు అడ్డం నిలబడ్డాడు.

నాకు కడుపు మండిపోయింది. మరి చెప్పరా, రాయరా, అందరి మొహాన కొట్టరా అన్నాను. వాడు నవ్వాడు. మందు చుక్క మిగల్లేదు. మళ్ళీ చేయాలంటే ల్యాబు కావాలి, ఏడాది కావాలి. చేసినా ఎవరు కొలుస్తారు, నా చేత్తో ఇచ్చింది ఎవరు తాకుతారు అన్నాడు. నేను ఊరుకున్నానా? మరునాడే శ్యామ్‌సుందర్ నంబరు సంపాదించి ఫోన్ చేశాను. ఆయన చాలా మర్యాదగా విన్నాడు. మీ తమ్ముడి మీద నాకు జాలి ఉందమ్మా, ఆ అధ్యాయం ముగిసిపోయింది, అతని ఆరోగ్యం చూసుకోమనండి అన్నాడు. ఆరోగ్యం! వాడికి పిచ్చెక్కిందని ఆయన అర్థం. ఫోన్ పెట్టేశాక నేను అన్న మాటలు ఇక్కడ రాయలేను.

పోనీ కొలవకపోతే కొలవకపోయారు, జరిగింది జరిగినట్టు రాసి పంపు, సీసం కలిపినవాడన్న పేరైనా పోతుంది అని బతిమాలాను. అప్పుడు వాడు అసలు మాట చెప్పాడు.

"రాస్తే అమ్మ పేరు రాయాల గదక్కా. ఆపింది తప్పు కాలే, దానివల్లే వచ్చింది. చెప్పకుండా ఉన్నిందే నన్ను ముంచింది. ఆ మాట ఎవరో ఒకరు ఆమె చెవిలో వేస్తారు. ఈ వయసులో ఆమె దాన్ని మోయలేదు. నేను మోస్తాలే."

గుంట పూడ్చేశారు. నేనే దగ్గరుండి చూశాను. ఇటుకముక్కలు, ఇసక, పైన సిమెంటు. ఇప్పుడు అక్కడ చిన్నమ్మ మంచం ఉంది.

ఇదంతా నేను తెలుగులో రాస్తున్నది ఊరికే కాదు. తమిళంలో రాస్తే మా వీధిలో ప్రతి పిల్లాడూ చదువుతాడు. సాయంత్రానికల్లా చిన్నమ్మ మంచం దగ్గరికి చేరుతుంది. తెలుగైతే ఆ ఇంట్లో చదివేవాళ్ళు లేరు. ఆమెకు ఏ అక్షరమూ రాదు, వాడికి ఈ అక్షరాలు రావు. నేను ఇన్నేళ్ళు నేర్పిన చదువు చివరికి మా వాళ్ళ దగ్గర దాచిపెట్టడానికి పనికొచ్చింది.

మొన్న వెళ్ళాను. చిన్నమ్మ తేరుకుంది, మొహంలో కళ వచ్చింది, రెండు పూటలా కడుపునిండా తింటోందట. వచ్చినవాళ్ళందరికీ అదే చెబుతోంది. నాక్కూడా చేయి పట్టుకుని మళ్ళీ చెప్పింది.

"నా చేతివల్ల కాదంట దేవసేనా. ఇన్నేండ్లు లోపలే కుమిలిపోయినా. వాడే చెప్పినాడు, నా వల్ల కాదని. లోకం ఏమన్నా అననీ. నా కొడుకు ఎప్పుడన్నా అబద్ధం చెప్పినాడా?"

"లేదు చిన్నమ్మా" అన్నాను.